అందరికీ ఒకే నూనె

షెడ్డు నమోదు 1

ఈ నమోదులో బండి పని తప్ప సొంత మాటలు పెట్టకూడదని పెద్దల కూటమి నియమం. ఈ రోజు ఆ నియమాన్ని పక్కన పెడుతున్నాను. బండి పనిని నా చేతిలోంచి లాక్కున్నది ఆ కూటమే కాబట్టి ఇక చెప్పడానికి సొంత మాటలే మిగిలాయి.

పొద్దున ముగ్గురు మనుషులు వచ్చి అల్మారాలో ఉన్న నా నూనె సీసాలన్నీ పెట్టెలో సర్దుకుని పట్టుకుపోయారు. చిక్కదనం అంకెల్లో వెయ్యి నుంచి పదివేల దాకా, ఏ చలికి ఏది, ఏ చక్రాలకి ఏది అని ఏళ్ళ తరబడి కలిపి పెట్టుకున్నవి. వాటి బదులు ఒకే ఒక్క డబ్బా ఇచ్చారు. దాని మీద ఏడువేలు అని రాసి ఉంది. ఈసారి పందేనికి మూడు చావిళ్ళ బళ్ళలోనూ, ఒక్కో బండిలో ముందు, మధ్య, వెనక ఉన్న మూడు డిఫరెన్షియళ్ళలోనూ ఇదే పొయ్యాలట. "అందరికీ సమానం మా" అన్నాడు డబ్బా అందించినాయన, నాకేదో వరం ఇస్తున్నట్టు.

ఒళ్ళు మండిపోయింది. బండి మలుపు తిరిగినప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలి చక్రం తక్కువ పోవాలి. ఆ తేడాకి వీలిచ్చే గేర్ల డబ్బీయే డిఫరెన్షియల్. అందులో నూనె పలచగా ఉంటే చక్రాలు దేని దారిన అవి తిరుగుతాయి, చిక్కగా ఉంటే ఒకదాన్నొకటి పట్టుకుని పోతాయి. ముందు కొంచెం పలచన పోస్తే బండి తల తొందరగా తిప్పుతుంది. మధ్యలో చిక్కన పోస్తే ముందు చక్రాలు రాయెక్కి గాల్లోకి లేచినప్పుడు బలమంతా అటే పోయి వృథా కాదు. వెనక ఇంకా పలచన, తోక జారకుండా. అంకె పెద్దదైతే నూనె చిక్కనిదని మా చావిట్లో పసిపిల్లలకి కూడా తెలుసు. మూడింటిలోనూ ఏడువేలు పొయ్యమన్న మనిషికి బండి ఎక్కడ మలుపు తిరుగుతుందో తెలిసి ఉండదు.

బయట ఊపిరాడని మా ఎర్రదిన్నెలో ఏటా జరిగే పందెం అంటే ఆట కాదు. కొండలోపల కొత్తగా తవ్విన గదుల వరస ఈ సంవత్సరం పూర్తయింది. మందమైన కప్పు, కొత్త గాలి జల్లెడలు, దుమ్ము చొరని తలుపులు. ఎగువ, నడిమి, దిగువ చావిళ్ళలో ఎవరి బండి గెలిస్తే ఆ చావిడివాళ్ళంతా అందులోకి పోతారు. వాళ్ళు ఖాళీ చేసిన గదులు విత్తనాల కొట్టు అయిపోతాయి. మాది దిగువ చావిడి. మా గోడల్లోంచి ఎర్రదుమ్ము వస్తుంది, ఏం పూసినా ఆగదు. మా వదిన లింగేశ్వరి ఇప్పుడు నిండు నెలలతో ఉంది. మా అన్న మంచు గనిలో ఉన్నాడు, పురిటికి వస్తాడో రాడో. మా బండి నడిపేది వదినే, గాజు గోడ వెనక కూర్చుని రిమోటుతో. ఆ బిడ్డ మొదటి ఊపిరి ఏ గదిలో తీసుకుంటుందన్నది ఈ పందెం మీద ఉంది. దాని మీదికి ఏడువేల డబ్బా పట్టుకొచ్చారు.

షెడ్డు నమోదు 2

కూటమి పెద్ద హంపన్న దగ్గరికి వెళ్ళాను. ఆయనది ఎగువ చావిడి. చెడ్డవాడని అనలేను, మంచివాడన్న పేరు మాత్రం ఆయనకి బాగా ఒంటబట్టింది.

"ఏమ్మా సుంకులూ, మళ్ళా కొట్లాటకొచ్చినావా?" అన్నాడు నన్ను చూడగానే.

"కొట్లాటకే వచ్చినా పెద్దాయనా. నా సీసాలు నాకియ్యండి."

"పోయినేడు ఏం జరిగిందో మర్చిపోయినావా? నడిమి చావిడోళ్ళు నూనెలో ఏందో కలిపినారని మావోళ్ళు, లేదని వాళ్ళు, తలకాయలు పగలగొట్టుకున్నారు. అందుకే గదా ఒకే డబ్బా. ఎవురూ ఎవుర్నీ అనే పనిల్యా."

"అది మంచి నూనె కాదు పెద్దాయనా. చలికి బిగుసుకుంటాది."

"బిగుసుకుంటే అందరికీ బిగుసుకుంటాది గదమ్మా. నీకొక్కదానికేనా?"

ఈ మాట మీద పక్కనున్న వాళ్ళంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మూడు నెలల పిల్లకీ మూటలు మోసేవాడికీ ఒకే పళ్ళెం అన్నం పెట్టి, చూశారా సమానం అంటే ఏం చెప్పాలి? ఆ మాటే అన్నాను. ఆయన నా భుజం తట్టి, "నీకు కోపమెక్కువ మా, పని మాత్రం బాగా చేస్తావు" అన్నాడు. నా కోపం ఎక్కువని అందరూ అంటారు. అది తక్కువ ఉండాల్సిన సందర్భం ఒక్కటీ నాకింతవరకూ ఎదురుకాలేదు.

షెడ్డు నమోదు 3

మాట వినకపోతే కళ్ళకి చూపిద్దామని డబ్బాలోంచి కొంచెం నూనె గ్లాసులో పోసి, లోపలి తలుపుకీ బయటి తలుపుకీ మధ్య ఉన్న చలి గదిలో పెట్టాను. షెడ్డులో తేనెలా జారిన నూనె కాసేపటికే ముదురు పాకమైంది. గ్లాసు తలకిందులు చేస్తే చుక్క కదల్లేదు.

తరవాత అదే నూనె పోసి బండిని బయటికి పంపాం. వదిన గాజు గోడ వెనక స్టూలు మీద కూర్చుని, రిమోటు పొట్ట మీద ఆనించుకుని నడిపింది. మా తలుపు కొండ నీడలోకి తెరుచుకుంటుంది, కాబట్టి బండి నీడలోంచే బయలుదేరాలి. మొదటి మలుపులోనే చక్రాలు నాలుగూ ఒకదానికొకటి కట్టేసినట్టు బండి నేరుగా పోయి రాళ్ళగుట్టని గుద్దింది. ముందు చెయ్యి విరిగింది. బండిది, చక్రాన్ని పట్టి ఉంచే కమ్మీ.

"అది నేను తిప్పడంల్యా, అదే నన్ను తిప్పుతాంది" అంది వదిన. ఆమె మామూలుగా చేతులు మెల్లగా ఆడిస్తుంది, బండిని లాగదు, అందుకే నేనెప్పుడూ ఆమెకి పలచటి నూనె పోసేదాన్ని. ఈ సంగతి హంపన్నకి ఎవరు చెప్తారు?

ఎగువ చావిడి బండి కూడా అదే పూట సాధన చేసింది. అందులోనూ ఏడువేలే. అది హాయిగా తిరిగింది. ఎందుకు తిరగదు? వాళ్ళ తలుపు ఎండలోకి తెరుచుకుంటుంది. నడిమివాళ్ళది సగం ఎండ, సగం నీడ. ఒకే డబ్బాలోంచి పోసినా ఎగువ బండిలో అది ఏడువేలు, మా బండిలో అది సీలు మైనం. హంపన్న చెప్పిన సమానం ఇదీ.

విరిగిన చెయ్యి బిగిస్తూ వదినతో అన్నాను, "బయటికి పోయిన వెంటనే పందెం మొదలైతే పర్వాలేదు. లోపలి వేడి కొంచెంసేపు ఉంటాది."

వదిన నా మొహం చూసింది. "పేర్లు పలకద్దా మరి?" అంది.

అప్పటిదాకా అది నా బుర్రకి తట్టనే లేదు.

షెడ్డు నమోదు 4

పేర్ల వేళ గురించి చెప్పాలి. మా చచ్చిపోయినవాళ్ళు బయట వాలులో ఉన్నారు. పందెం రోజున మూడు బళ్ళూ బయటికి పోయి, ఆ వాలుకేసి మొహం పెట్టి కదలకుండా నిలబడతాయి. లోపల మేమందరం గాజు దగ్గర నిలబడతాం. అప్పుడు తిప్పేస్వామి అనే పెద్దాయన ఒక్కొక్కరి పేరూ, తండ్రి పేరూ, చేసిన పనీ పలుకుతాడు. ఒక్కో పేరు తరవాత అందరం ఒక నిండు ఊపిరి తీసుకుంటాం, ఆ పోయినవాళ్ళకి దొరకని ఊపిరి. తరవాతే పందెం.

పేరు ఎవరిదైనా ఇంటివాళ్ళు ఇస్తేనే పలుకుతారు. ప్రతి సంవత్సరం వెళ్ళి తిప్పేస్వామి చేతిలో చెయ్యి పెట్టి, మా ఫలానావాళ్ళ పేరు పలుకు అని అడగాలి. నిన్న వదిన వెళ్ళి తన తల్లి చెన్నక్క పేరు ఇచ్చి వచ్చింది. చెన్నక్క మా చావిట్లోనే దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి పోయింది.

మా చావిట్లో దుమ్ము ఉంది కాబట్టి ఎక్కువమంది పోయారు. ఎక్కువమంది పోయారు కాబట్టి ఏటేటా పేర్ల వేళ పెరుగుతోంది. అది పెరిగినకొద్దీ నీడలో నిలబడ్డ మా బండి నూనె ఇంకాస్త బిగుస్తుంది. మా వాళ్ళని తలుచుకున్నందుకు మేమే ఓడిపోతాం, మళ్ళీ ఆ దుమ్ములోనే ఉంటాం, వచ్చే ఏటికి ఇంకో రెండు పేర్లు ఇస్తాం. ఇన్నేళ్ళూ పలచటి నూనె పోసి నెట్టుకొచ్చాను కాబట్టి నాకు ఇది కనపడలేదు. ఇప్పుడు కనపడ్డాక నిద్ర పట్టడం లేదు.

మళ్ళీ కూటమికి వెళ్ళాను. మా బండిని కూడా ఎండలో నిలబెట్టనివ్వమన్నాను. ఎవరి తలుపు ముందు వాళ్ళే నిలబడాలన్నారు. పోనీ పేర్లు ముందు పలికి, తరవాత బళ్ళు బయటికి పంపండి అన్నాను.

హంపన్న బాధగా మొహం పెట్టి, "పోయినోళ్ళ దగ్గర కూడా తొందరేనా మా? మీ చావిడోళ్ళవే గదా ఎక్కువ పేర్లు. మీకే బరువైనాయా?" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు నన్ను చూసిన చూపుకి, నేనేదో సమాధులు తవ్వి దోచుకోవడానికి వచ్చినదాన్నని అనిపించింది. మా ఊపిరి తీసిన గోడలకి జల్లెడలు వెయ్యమంటే లేవంటారు, మా వాళ్ళ పేర్లంటే మాత్రం వీళ్ళకి ఎక్కడలేని భక్తి.

వదినకి చెప్తే ఆమె నా మీదే కోప్పడింది. "మా అమ్మ పేరు బేరం పెట్టేకి నువ్వెవురే? నన్ను అడిగినావా?" అని రిమోటు బల్ల మీద పడేసి వెళ్ళిపోయింది. ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు. నాకు ఇంకా కోపం వచ్చింది, ఈసారి ఎవరి మీదో తెలియలేదు.

షెడ్డు నమోదు 5

పందెం అయిపోయింది. అయిపోలేదు కూడా.

బళ్ళు బయటికి పోయాయి. అందరం గాజు దగ్గర నిలబడ్డాం. వదినకి స్టూలు వేశారు. తిప్పేస్వామి మొదలుపెట్టాడు. మొదటి పేరు, ఊపిరి. రెండో పేరు, ఊపిరి. నేను తల వంచుకుని నూనె గురించే ఆలోచిస్తున్నాను, సిగ్గు లేకుండా చెప్తున్నాను.

మూడో పేరుకి నడిమి చావిడివాళ్ళలో ఎవరో కెవ్వుమన్నారు. తలెత్తి చూస్తే బయట మా బండి కదులుతోంది. నీడలో, ఉన్నచోటే, ముంగిట్లో ముగ్గంత మేరలో గుండ్రంగా తిరుగుతోంది. ఒక చుట్టు కుడికి, ఒక చుట్టు ఎడమకి. చిన్న చుట్లు తిరిగితే లోపలి చక్రం, బయటి చక్రం వేరువేరు వేగాలతో పోతాయి, డిఫరెన్షియల్ గేర్లు నూనెని చిలుకుతూనే ఉంటాయి, చిలికే నూనె గడ్డకట్టదు. నాకు తట్టని ఉపాయం. వదిన నాకు కూడా చెప్పలేదు.

తిప్పేస్వామి ఆగిపోయాడు. ఎగువ చావిడి బండి నడిపే ఎర్రిస్వామి నోరు తెరుచుకుని వదినకేసి చూస్తున్నాడు. "ఆపమ్మా! పోయినోళ్ళ ముందర ఏందా పని?" అని హంపన్న అరిచాడు.

వదిన రిమోటు మీంచి కళ్ళు ఎత్తలేదు. "నువ్వు పలుకు సిన్నాయనా" అంది తిప్పేస్వామితో. "మా అమ్మ పేరు ఇంకా రాలా."

ఆయన పలికాడు. ఒక్క పేరూ వదల్లేదు. చెన్నక్క పేరు వచ్చినప్పుడు వదిన నిండుగా ఊపిరి తీసుకుంది, బొటనవేళ్ళు మాత్రం ఆగలేదు. పందెం మొదలుపెట్టమనే దీపం వెలగగానే మా బండి దూకింది. కొండ మలుపులో తోక కొంచెం జారింది, ఆమె సర్దుకుంది. ఎర్రిస్వామి బండి వెనకే వచ్చింది కానీ అందుకోలేకపోయింది. గెలిచాం. మా చావిడివాళ్ళు ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాలో వద్దో తెలియక చేతులు కట్టుకుని నిలబడ్డారు. నేను మాత్రం కొట్టాను.

సాయంత్రానికి కూటమి తీర్పు వచ్చింది. గెలుపు చెల్లదు. పందెం మళ్ళీ పెడతారు. లింగేశ్వరి అందరి ముందూ పోయినవాళ్ళకి క్షమాపణ చెప్పుకుంటేనే ఆమెని నడపనిస్తారు.

షెడ్డు నమోదు 6

సభ పెట్టారు. నేను నాలుగు రకాల తిట్లు తయారు చేసుకుని వెళ్ళాను. వదిన నా చెయ్యి పట్టుకుని "నువ్వు ఊరికే ఉండు" అంది. ఆమె లేచి నిలబడడానికి నేనూ పక్కనున్నామె కలిసి సాయం పట్టాం.

"క్షమాపణ చెప్పమ్మా, అయిపోతాది" అన్నాడు హంపన్న మెత్తగా.

"చెప్తా పెద్దాయనా. మా అమ్మకి చెప్తా, మా ఇంట్లో. మీకు చెప్పేది ల్యా" అంది వదిన. తరవాత తిప్పేస్వామి దగ్గరికి నడిచి, చెయ్యి చాచింది. "సిన్నాయనా, మా అమ్మ పేరు ఇచ్చింటి గదా. వాపసియ్యి. ఈసారి పలకద్దు."

సభలో గుసగుసలు లేచాయి. "అట్ల వాపసు తీసుకునేది యాడన్నా ఉందా?" అన్నాడు హంపన్న.

తిప్పేస్వామి ఎగువ చావిడివాడే, కానీ పేర్ల దగ్గర ఎవరి మనిషీ కాదు. "ఇచ్చినోళ్ళు పలకమంటేనే పలకల్ల హంపన్నా. వద్దంటే నాకు హక్కుల్యా" అన్నాడు. వదిన చెయ్యి తన చేతిలోకి తీసుకుని, చెన్నక్క పేరు ఒకసారి ఆమెకి మాత్రమే వినపడేలా పలికి, వదిలాడు.

దాని తరవాత జరిగినదానికి నేను సిద్ధంగా లేను. మా చావిట్లో తలుపు పక్క గదిలో ఉండే ముసలి కుళ్ళాయప్ప కర్ర పట్టుకుని లేచాడు. ఇద్దరు కొడుకుల పేర్లు ఇచ్చాడాయన. "నాయి రెండూ ఇయ్యి సామీ" అన్నాడు. ఆయన వెనక ఇంకొకరు. వాళ్ళ వెనక వరస. నేను మా నాయన పేరు తీసుకున్నాను. చెయ్యి పెట్టగానే నాకు ఏడుపొచ్చింది, తిట్లన్నీ మర్చిపోయాను. దిగువ చావిడి పేర్లన్నీ ఆ పూట ఇంటికి వచ్చేశాయి.

షెడ్డు నమోదు 7

మళ్ళీ పందెం. మళ్ళీ ఏడువేలు, మూడింటిలోనూ. అది ఇప్పటికీ తప్పే, నేను చచ్చేదాకా తప్పే అంటాను.

ఆ పేర్ల వరస చూశాక కూటమి క్షమాపణ షరతు వదిలేసింది, రిమోటు వదిన చేతిలోనే ఉంది. బళ్ళు బయటికి పోయి వాలుకేసి నిలబడ్డాయి. మా బండి ఈసారి కదల్లేదు. తిప్పేస్వామి పలికాడు. ఎగువ చావిడివి ఒకటి, నడిమి చావిడివి మూడు. నాలుగు పేర్లు, నాలుగు ఊపిర్లు. తరవాత ఆయన నోరు మూసుకున్నాడు.

ఎవరూ తలలెత్తలేదు. ఇంకా పేర్లు వస్తాయని అలవాటుగా నిలబడ్డారు. ఎగువ చావిడి ముసలావిడ ఒకామె ఐదో ఊపిరి తీసుకుంది కూడా, తీసుకుని చుట్టూ చూసింది. "ఇంతేనా?" అన్నాడు ఎర్రిస్వామి, చిన్న గొంతుతో. ఆ కుర్రవాడు పుట్టినప్పటినుంచీ పేర్ల వేళ నిలబడుతున్నాడు, అందులో ఎవరి వాటా ఎంతో ఇప్పుడే లెక్క తెలిసినట్టుంది. హంపన్న గాజు మీద చెయ్యి ఆనించి వాలుకేసే చూస్తున్నాడు.

దీపం వెలిగింది. మా నూనెలో ఇంకా షెడ్డు వేడి ఉంది. మిగతాది వదిన చేతులు చూసుకున్నాయి. ఎర్రిస్వామి బాగానే నడిపాడు, ఓడిపోయినందుకు సాకులు వెతకలేదు. ఈసారి మా గెలుపుని చెల్లదనడానికి కూటమికి ఏమీ దొరకలేదు.

షెడ్డు నమోదు 8

కొత్త వరసలోకి వచ్చేశాం. మా అన్న పురిటికి అందలేదు. ఆడపిల్ల. ఏడుపు మాత్రం నా పోలికేనని అందరూ అంటున్నారు. దగ్గు లేదు.

ఈ రోజు హంపన్న వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. పెట్టె మోసుకొచ్చి గుమ్మంలో దించాడు, అందులో నా సీసాలు ఉన్నాయి. నేను ఒక్కొక్కటే తీసి మూతలు చూసుకుంటుంటే ఆయన వదిన ఎదురుగా కూర్చున్నాడు. బిడ్డని చూశాడు, బాగుందన్నాడు, నీళ్ళు తాగాడు. వెళ్తాడేమో అనుకుంటే వెళ్ళలేదు.

"లింగమ్మా" అన్నాడు చివరికి. "వచ్చే ఏటికి పేర్లు మళ్ళా ఇయ్యండమ్మా. అందరితో చెప్పు. నాలుగు పేర్లకే అయిపోతాంటే నిలబడేకి సిగ్గయితాంది. పేర్ల వేళ మరీ పొట్టిగా ఉండాది."

నేను చేతిలో సీసా దించి నోరు తెరవబోయాను. వదిన నాకేసి చూసి తల అడ్డంగా ఊపింది. బిడ్డని ఇంకో భుజం మీదికి మార్చుకుంది.

"పొట్టిగానే ఉండనీ పెద్దాయనా" అంది. "ఇంక పొడుగు కాకుండా చూడండి."